చేయి పడని బొమ్మలు

ఆ ఎండాకాలం మా ఇంటి నెల సరుకుల్లో మొటిమల క్రీము కూడా చేరింది. మొటిమలు వచ్చే వయసు మా ఇంట్లో ఎవరికీ లేదు. నాది మోకాళ్ళు మాట వినడం మానేసే వయసు. మా ఆయనది కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే వయసు. మందుల షాపతను మరో ట్యూబు కాగితంలో చుడుతూ, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"పాపకాండీ?"

"అవును. నలభై మంది పాపలు."

అతను పొట్లం చేతికివ్వడం మరిచిపోయి నా మొహం వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆ పాపలు మా చెల్లితో పాటు వచ్చారు. అది పని చేసే బట్టల షాపు మూతపడింది. కొత్త పని వెతుక్కునేదాకా ఉంటానని ఒక సూట్‌కేసు, నాలుగు అట్టపెట్టెలతో మా ఇంట్లో దిగింది. సూట్‌కేసు గోడవారగా ఒదిగింది గానీ అట్టపెట్టెలు ముందుగది మొత్తం ఆక్రమించాయి. వాటిలో ఉన్నవి ఫ్యాషన్ బొమ్మలు. మూరెడు పొడుగు, పిడికిట్లో పట్టే నడుము. హైహీల్సు ఎప్పుడో పోయినా మడమలు మాత్రం ఇంకా పైకెత్తే ఉన్నాయి. ఆ షాపు యజమాని తండ్రి కాలంలో, కొత్త గౌను ఏది వచ్చినా దాని బుల్లి నకలు కుట్టించి వీటికి తొడిగి అద్దాల కిటికీలో నిలబెట్టేవారట. తర్వాత మనిషంత బొమ్మలు వచ్చాయి, ఇవి అటకెక్కాయి. షాపు ఖాళీ చేసేటప్పుడు ఎవరికీ అక్కర్లేదంటే చెల్లి మోసుకొచ్చింది.

వాటి అవతారాలు చూడాల్సిందే. జుట్టు గిన్నెలు తోమే పీచులా ఉంది. పెదాల రంగు ఎలుక కొరికినట్టు అక్కడక్కడా లేచిపోయింది. కాళ్ళు పట్టుకుంటే జిడ్డుగా చేతికి అంటుకుంటున్నాయి. అన్నిటికన్నా ఘోరం చెవులు. ఏళ్ళ తరబడి ఉండిపోయిన లోహపు దుద్దులకు చిలుము పట్టి, ఆ పచ్చదనం ప్లాస్టిక్ లోపలికి ఇంకి, చెంపల దాకా పాకింది.

"అక్కా, నువ్వు కెమిస్ట్రీ చదివావుగా," అంది చెల్లి.

డిగ్రీ చేతికొచ్చిన ఇన్నేళ్ళలో దాని సంగతి ఎత్తిన మొదటి మనిషి అది. అప్పటిదాకా ఆ చదువు చొక్కా కాలర్ల మురికి మీదే పని చేసింది.

"ఎండాకాలం చివర్లో టౌన్‌హాల్లో పాత వస్తువుల ప్రదర్శన ఉంటుంది. ఒక బల్ల తీసుకుందాం. నువ్వు బాగుచెయ్యి, నేను అమ్మిపెడతా. బల్ల మీద బోర్డు పెట్టిస్తా. ఈ బొమ్మలకు ప్రాణం పోసినది అని రాసి, కింద నీ పేరు."

"ప్రాణాలు గీణాలు వద్దులే. 'బాగుచేసినది' అని రాయించు, చాలు."

చాలని అన్నాను గానీ, ఆ మాట వంటింట్లోకి వెళ్ళాక కూడా నా వెంటే తిరిగింది. నా పేరు అచ్చులో పడింది రెండేసార్లు. పరీక్ష హాల్ టికెట్టు మీద ఒకసారి, పెళ్ళి కార్డు మీద ఒకసారి. రెండు చోట్లా నేను చేసిన పనేమీ లేదు. చేసిన పనులకేమో పేరు ఉండదు. ఊడ్చిన గది ఊడ్చినట్టు కనపడదు, ఊడ్వనిదే కనపడుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్క బల్ల మీద, ఇది ఈవిడ చేసిందని రాసి ఉంటే చూడాలనిపించింది. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పకపోయినా చెల్లికి తెలుసు కదా అని.

అలా మా ఇల్లు ఆసుపత్రి అయింది.

తలలు వేడినీళ్ళలో ముంచితే మెత్తబడి మెడ నుంచి ఊడొస్తాయి. మా ఆయన ఒక పొద్దున టీ కోసం వచ్చి, పొయ్యి పక్కన జల్లెడలో ఆరబెట్టిన తలలన్నీ తనవైపే చూస్తుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వీళ్ళంతా ఏం తప్పు చేశారు?"

"భార్యల్ని అరగంటకోసారి టీ అడిగారట."

ఆయన కుక్కినపేనులా వెళ్ళి, ముందుగదిలో అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

జుట్టుకు పాయ పాయకూ కూల్‌డ్రింకు స్ట్రాలు చుట్టి మరిగే నీళ్ళు పోసి, వెంటనే చన్నీళ్ళు పోస్తే ఉంగరాలు నిలబడతాయి. చెవులకు మొటిమల క్రీము దట్టంగా పూసి, ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, కిటికీలో ఎండకు పెట్టాలి. ఎండా క్రీమూ కలిసి పచ్చదనాన్ని మెల్లగా తినేస్తాయి. మొదటి బొమ్మను కిటికీలో పెట్టి కునుకు తీశాను. లేచి చూసేసరికి పచ్చదనంతో పాటు చెవి అసలు రంగు కూడా పోయి, మొహం ఒకరిదీ చెవి ఒకరిదీ అన్నట్టు తయారైంది. దానికి జుట్టు ముందుకు దువ్వి మర్యాద కాపాడాం. తర్వాత నుంచి గంట గంటకూ లేచి చూసుకునేదాన్ని. ఇప్పుడు వేరే ఊళ్ళలో ఉన్న మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు జ్వరం చూసుకున్నది అలాగే.

వాటిలో ఒకదానికి చెల్లి రాణిగారు అని పేరు పెట్టింది. రాగిరంగు జుట్టు, ఓరచూపు. పెట్టెల్లోకెల్లా పాతది అదే. పైపెదవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి నాచుపట్టిన గోడలా ఉంది. చెవి దారికి రావడానికి చాలా రోజులు పట్టింది. పెదవి ఇంకా పెద్ద గండం. రంగు కలిపి వేస్తే మెరిసేది, ఆ కాలం రంగుకు మెరుపు లేదు. ఒకటి కాస్త గులాబీకి పోయేది, ఇంకోటి ఇటుకలా ఉండేది. వేసిందల్లా తుడిచి మళ్ళీ వేశాను.

ఈ పనిలో మా ఆయన సాయం గురించి చెప్పకపోతే పాపం. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తక్కువ తూచే త్రాసుల్ని పట్టుకోవడం, సరైనవాటికి సీలు వెయ్యడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో షాపులవాళ్ళు ఆయన మాటను కూడా సీలు వేసిన తూకపురాయిలాగే చూస్తారు. అటువంటి మనిషి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని టేబుల్ లైటు పట్టుకునేవాడు. ఒక చేత్తో లైటు, ఇంకో చేత్తో రాణిగారి తల. నేను కుంచె ఆనించే సమయానికి ఊపిరి బిగబట్టేవాడు.

"మీరెందుకండీ ఊపిరి ఆపడం? వణికితే వణకాల్సింది నా చెయ్యి."

"నా గాలికి నీ రంగు చెదురుతుందేమోనని."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటల్లో మెత్తనిది అదే. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

ఆ పెదవి వేసేటప్పుడు నాకో సంగతి అర్థమైంది. మిగతా బొమ్మల పెదాలన్నీ ఎడమ మూలలో రవ్వంత ఖాళీగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో అచ్చు పెట్టి రంగు చిమ్మేవాళ్ళు కాబోలు, తొందరలో ఆ మూలకు రంగు అందేది కాదు. నేనేమో బుద్ధిగా మూల దాకా నింపుతున్నాను. అందుకే రాణిగారు పెళ్ళికి రంగు పూసుకొచ్చిన పక్కింటావిడలా ఉంది. తుడిచేసి, ఈసారి మూల వదిలేశాను. ఫ్యాక్టరీవాళ్ళు తొందరలో చేసిన తప్పును నేను తీరిగ్గా, ఒద్దికగా, అద్దం పెట్టుకుని చేశాను. మెరుపు చావడానికి పైన పౌడరు అద్దాను. వెనక్కి జరిగి చూస్తే అక్కడ నేను లేను. రాణిగారు ఒక్కతే ఉంది, అటకెక్కకముందు ఎలా ఉండేదో అలా.

మా ఆయన లైటు కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"దీనికి మాత్రం సీలు వెయ్యొచ్చు," అన్నాడు.

చెల్లి దాన్ని అందుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ఇటూ అటూ తిప్పి చూసి, "అక్కా, అసలు తెలియట్లేదే," అంది. అన్న తీరులో పొగడ్తతో పాటు ఇంకేదో లెక్క ఉంది. నేను పొగడ్త వరకే తీసుకున్నాను.

తర్వాత ఒకసారి గౌన్లు ఇస్త్రీ చేస్తుంటే అది పక్కన చేరింది.

"బాగుచేసినవంటే కొనేవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకుంటారట అక్కా. రిపేరు చేసినదాన్ని అసలు లెక్కలోకే తీసుకోరట."

"అయితే ఏం? చెప్పే ఇద్దాం. ఇష్టమైనవాళ్ళే తీసుకుంటారు."

"తీసుకోకపోతే?"

"మన దగ్గరే ఉంటాయి. తిండి పెట్టక్కర్లేదు కదా."

"నీకేమే, ఇల్లుంది, బావ ఉన్నాడు. నాకు ఇదొక్కటి కుదిరితే షాపు పెట్టుకుందామని," అంది. ఇస్త్రీ అయిన గౌను ఒకటి మడిచి పెట్టి, "సరేలే, నీ ఇష్టం," అంది.

ఆ తర్వాత రోజుల్లో బాల్కనీలో బావా మరదళ్ళు గుసగుసలాడుకోవడం కనపడింది. నేను వెళితే మాట ఆగేది. మా ఆయన ఆకాశం వంక చూసి, వాన వచ్చేలా ఉందనేవాడు. ఆ ఆకాశంలో మబ్బుతునక లేదు. బోర్డు విషయంలో నాకేదో ఆశ్చర్యం తయారు చేస్తున్నారనుకున్నాను. పేరు పక్కన డిగ్రీ కూడా వేయిస్తున్నారేమో, వద్దని ముందే చెప్పాలా, తెలియనట్టు ఉండాలా అని తర్జనభర్జన పడ్డాను. చివరికి తెలియనట్టే ఉందామని నిశ్చయించుకుని, అద్దం ముందు కాస్త ఆశ్చర్యపోవడం కూడా అభ్యాసం చేశాను. ఆ ముఖం చూసినది అద్దమొక్కటే కావడం నా అదృష్టం.

ప్రదర్శన రోజున ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. హాలు నిండా పాత గడియారాలు, గ్రామఫోన్లు, నాణేలు, వాటి వెనక వాటికన్నా పాత మనుషులు. మా బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, మధ్యలో రాణిగారు. బోర్డు లేదు.

"ప్రింటింగువాడు చెయ్యిచ్చాడక్కా," అంది చెల్లి, గౌను మడతలు సర్దుతూ. "రేపు ఇస్తాడట."

ప్రదర్శన ఆ ఒక్క రోజే. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నేను తలూపాను. అటువంటప్పుడు తల దానంతటదే ఊగుతుంది.

పన్నెండింటి వేళకు ఒకావిడ వచ్చారు. పళ్ళ డాక్టరట, ఇటువంటి బొమ్మలు ఆవిడ ఇంట్లో రెండు బీరువాల నిండా ఉన్నాయట. చుట్టుపక్కల బల్లలవాళ్ళు లేచి నిలబడి నమస్కారాలు పెడుతున్నారు. ఆవిడ సంచిలోంచి భూతద్దం తీసి, రాణిగారిని నోరు తెరవమన్నట్టు గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పారు. పెదవి చూశారు. చెవి చూశారు. జుట్టు పాయలు విడదీసి కుదుళ్ళు చూశారు. నా గుండె పరీక్షల ఫలితాల రోజున కూడా అలా కొట్టుకోలేదు.

"దీని మీద ఎవరి చెయ్యీ పడలేదు కదా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా చెల్లి అందుకుంది.

"మేం చెప్పడం ఎందుకండీ, అమ్ముకునేవాళ్ళం. మా బావగారిని అడగండి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు."

"ఓ, మీరా," అన్నారు డాక్టరుగారు. ఆవిడకు కూడా ఆయన పేరు తెలుసు. "మీరు చెబితే ఇంక అడిగేదేముంది. చెప్పండి. ఎవరైనా ముట్టుకున్నారా?"

మా ఆయన రాణిగారి వంక చూశాడు. నా వంక చూడలేదు.

"లేదండి," అన్నాడు. "ఎవరి చెయ్యీ పడలేదు."

గొంతు ఎక్కడా తడబడలేదు. ఆఫీసులో రాళ్ళు సరిచూసి చెప్పేటప్పుడు ఎలా చెబుతాడో అలాగే చెప్పాడు.

డాక్టరుగారు సంతోషంతో ఎవరికి చూపించాలో తెలియక, దగ్గర్లో నేను కనపడితే నాకు చూపించారు.

"చూశారా, ఈ ఎడమ మూల? రంగు అందలేదు. అదీ అసలు గుర్తు. బాగుచేసేవాళ్ళు ఎప్పుడూ మూల దాకా నింపేస్తారు. ఇలా వదిలెయ్యడం మనుషుల వల్ల కాదు." తర్వాత మర్యాదకు, "మీరు?" అన్నారు.

"మా అక్కండీ," అంది చెల్లి. "ఇంట్లోనే ఉంటుంది. సరదాగా చూద్దామని వచ్చింది."

"బొమ్మలంటే ఇష్టమా?"

"ఈ మధ్యే కాస్త అలవాటైందండి," అన్నాను.

నిజం చెప్పడానికి నాకు పెద్దగా కష్టపడే పని లేదు. చేతిసంచిలో రంగు సీసా ఉంది, అవసరపడుతుందేమోనని తెచ్చుకున్నాను. మూత తీసి చూపిస్తే చాలు. కానీ అది చూపించిన మరుక్షణం ఆ హాల్లో మా ఆయన మాట ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన మాట పడిపోకుండా నేను సంచి మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. ఆయన నన్ను పడెయ్యడానికి ముందు అంత సేపు ఆలోచించాడా అని మాత్రం అనిపించింది.

డాక్టరుగారు రాణిగారిని తీసుకెళ్ళారు. ఆవిడ తీసుకున్నారని తెలిసి మిగతావాళ్ళు మిగతావి తీసుకున్నారు. చెవి తెల్లబడిన మొదటి బొమ్మ కూడా పోయింది, జుట్టు ముందుకు దువ్వుకునే.

 ఇంటికొచ్చేదాకా ఖాళీ అట్టపెట్టెలు ఆటోలో దడదడమని ఏదో చెబుతూనే ఉన్నాయి. ముందుగదిలో చెప్పులు విప్పుతూ చెల్లే మొదలుపెట్టింది.

"కోపమొచ్చిందా అక్కా? ఒక్కసారి ఆలోచించు. ఆవిడ అంతటి మనిషే కనిపెట్టలేకపోయింది. నీ పనికి అంతకన్నా పొగడ్త ఏముంటుంది?"

"పొగడ్త ఫ్యాక్టరీకి వెళ్ళిందే."

"నాకు తెలుసు కదా నువ్వు చేశావని. బావకు తెలుసు. ఊరందరికీ తెలియాలా?"

"బోర్డు పెడతానన్నది నువ్వే."

"అప్పుడు ఇదంతా తెలియదు నాకు." దాని గొంతు పెరిగింది. "నాకు నిలబడ్డానికి ఇంకో దారి లేదు. నీకు అన్నీ ఉన్నాయి. ఒక్క పేరు దగ్గర ఇంత పట్టుదలేమిటి?"

నాకు అన్నీ ఉన్న ఇంట్లో, మా ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"మీకు ఎప్పుడు చెప్పింది?" అని అడిగాను.

"ఏమని?"

"ఎవరి చెయ్యీ పడలేదని చెప్పాలని."

ఆయన అబద్ధం ఆడలేదు. అది ఆయన గొప్పతనమే అనుకోవాలి. "నువ్వు రాణిగారి చెవి సంగతి చూస్తున్నప్పుడు," అన్నాడు.

చెవి తర్వాత పెదవి. అంటే నా ఎదురుగా లైటు పట్టుకుని ఊపిరి బిగబట్టిన సాయంత్రాలన్నీ, ఈ కుంచె పట్టిన చెయ్యి లేదని రేపు చెప్పాలని తెలిసే పట్టుకున్నాడు. సీలు వెయ్యొచ్చన్న మాట కూడా తెలిసే అన్నాడు.

"మీ చెల్లి బతుకు కోసమే కదా," అన్నాడు. "నువ్వైనా కాదనేదానివా?"

"అడిగి ఉంటే కాదనేదాన్ని కాదేమో. అడగలేదుగా."

 చెల్లి వారం తిరక్కుండా డాక్టరుగారి సాయంతో ఒక చిన్న షాపు చూసుకుని, ఆ పక్కనే గది తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో కాసేపు నిలబడింది. నేను వెళ్ళొస్తాననే మాట కోసం చూశాను, అది ఉండమనే మాట కోసం చూసినట్టుంది. తర్వాత సూట్‌కేసు తీసుకుని మెట్లు దిగింది. ముందుగది మళ్ళీ ముందుగది అయింది.

మర్నాడు పొద్దున నేను లేచి, మొహం కడుక్కుని, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చాడు.

"టీ పెట్టలేదా?"

"పొయ్యి మీద ఎవరి చెయ్యీ పడలేదండి."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు. తనే టీ పెట్టుకుని, నాకూ ఒక కప్పు తెచ్చాడు. చక్కెర వెయ్యలేదు. నేను చెప్పలేదు.

పక్క దుప్పట్ల మీదా, అంట్ల మీదా, తలుపు వెనక విడిచిన బట్టల మీదా ఎవరి చెయ్యీ పడలేదు. నాకు తిండి దగ్గర అభిమానం లేదు గనక నా వరకు వండుకుని, తిని, నా కంచం కడుక్కున్నాను. ఆయన మొదట హోటల్లో తిన్నాడు, తర్వాత వండటం మొదలుపెట్టాడు. ఇల్లు రోజురోజుకూ తన అసలు రూపానికి వస్తోంది. రెండు బీరువాల డాక్టరుగారు చూస్తే ముచ్చటపడి భూతద్దం తీసేవారు.

ఒక పొద్దున ఆయన నలిగిన చొక్కాతో ఆఫీసుకు బయలుదేరాడు. కాలరుకు మురికి చార, ఒక గుండీ ఊడి దారం వేలాడుతోంది. మెట్ల మీద కింద వాటా ఆవిడ ఎదురైంది. ఆవిడ గొంతు మామూలుగానే రెండంతస్తులు వినపడుతుంది.

"ఏమండీ, ఇంట్లో అమ్మగారికి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి."

"మరి ఈ చొక్కా ఏమిటి? మిమ్మల్ని ఎప్పుడూ ఇలా చూడలేదే. మీ చొక్కాలు ఇస్త్రీ షాపుకు ఇస్తారనుకున్నాను ఇన్నాళ్ళూ. అంత బాగుండేవి."

 నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన ఒక మెట్టు పైకెక్కి మా తలుపు వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు.

"లేదండి," అన్నాడు, నాకు వినపడేలా. "అదంతా మా ఆవిడ చేతి పనే. మొదటి నుంచీ ఆవిడే చేసేది."

ఎండాకాలమంతా నేను ఎదురుచూసిన మాట అదే. అదే గొంతు, అదే సీలు వేసినట్టు చెప్పడం. కాకపోతే తీరా వచ్చేసరికి అది చొక్కాలకు వచ్చింది.

ఆయన మెట్ల మీద ఇంకా నిలబడే ఉన్నాడు, నేను గుమ్మంలోకి వస్తానేమోనని. నేను కుర్చీలోంచి లేవలేదు.